ఎక్సెల్‌లో బటన్‌కి మాక్రో అసైన్ చెయ్యడం: మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ షీట్‌తో మొదటి నుంచి చివరి దాకా

నిజాంపేటలో మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఐదు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి ఎనిమిది. మెయింటెనెన్స్ లెక్కలు ట్రెజరర్ అంకుల్ చూస్తారు. పుస్తకంలో రాయమంటే పైసా తేడా రానివ్వరు, వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ సర్వీసు, ఎండాకాలం ట్యాంకర్లు, జనరేటర్ డీజిల్ అన్నీ నోటికే చెప్పేస్తారు, కానీ ఎక్సెల్‌లో రైట్ క్లిక్ అంటే మాత్రం ఆయనకి చెయ్యి ఆడదు. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే మా ఇంటి బెల్ కొట్టి "తమ్మీ, జర ఆ షీట్ కొత్త నెలకి మార్చియ్యరాదు" అనేవారు, అప్పటికి నేను ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో బైక్ తాళాలు పట్టుకుని గుమ్మంలో ఉంటా. చేసేది ఐదు నిమిషాల పనే, కానీ నెల నెలా అదే ఐదు నిమిషాలు. ఆ పనంతా మాక్రోగా, అంటే ఎక్సెల్ ఒకసారి చూసి గుర్తుపెట్టుకుని మళ్ళీ తనే చేసే పనుల వరసగా, రికార్డ్ చేసి, ఆయన నొక్కుకోవడానికి దానికి ఒక బటన్ పెట్టేస్తే పోలా అనిపించింది.

బటన్ పెట్టడం నిజంగా రెండు నిమిషాల పని. అది వేరేవాళ్ళ చేతికి భయం లేకుండా ఇవ్వగలిగేలా పెట్టడానికే నాకు రెండు నెలలు పట్టింది, మధ్యలో ఒక నెల వసూళ్ళన్నీ ఎగిరిపోయాయి కూడా. ఆ కథ కింద చెప్తా. కోడ్ రాయడం రాకపోయినా ఏం పర్లేదు, దాదాపు అంతా రికార్డింగ్‌తోనే అయిపోతుంది. మీ దగ్గర కిరాణా స్టాక్ షీటో, ట్యూషన్ ఫీజుల షీటో ఉన్నా పద్ధతి ఇదే. చెప్పేదంతా విండోస్ కంప్యూటర్‌లో ఎక్సెల్ గురించి, గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ సంగతి చివర్లో కొంచెం ముట్టుకుంటా.

ముందు షీట్ ఎలా ఉందో చూడండి

ఇది తెలియకపోతే మిగతాది గాల్లో మాట్లాడినట్టు ఉంటుంది. హెడ్డింగులు నాలుగో రోలో, ఫ్లాట్లు 5 నుంచి 44వ రో దాకా. ఏ కాలమ్‌లో ఫ్లాట్ నంబర్, బీలో పేరు, సీలో ఈ నెల మెయింటెనెన్స్ 2500, డీలో పాత బాకీ, ఈలో కట్టిన డబ్బు, ఎఫ్‌లో కట్టిన తారీఖు, జీలో క్యాషా ఫోన్‌పేనా అన్నది, హెచ్‌లో మిగిలిన బాకీ. హెచ్‌లో చిన్న ఫార్ములా ఉంది, సీ ప్లస్ డీ మైనస్ ఈ. హెడ్డింగుల మీద ఫిల్టర్ పెట్టి ఉంది. షీట్ పేరు మెయిన్, అది ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టా, ఎందుకో తర్వాత చెప్తా.

కొత్త నెల రాగానే చెయ్యాల్సింది రెండే రెండు. హెచ్‌లో ఉన్న బాకీని నంబర్లుగా డీలోకి తేవాలి, ఆ తర్వాత ఈ, ఎఫ్, జీ కాలమ్స్ ఖాళీ చెయ్యాలి. ఈ వరస తారుమారైతే, అంటే ముందే ఖాళీ చేసేస్తే, డబ్బు కట్టినవాళ్ళు కూడా బాకీదారులైపోతారు, ఇక సాయంత్రం సెల్లార్‌లో లొల్లి.

డెవలపర్ ట్యాబ్ బయటికి తీయడం

ఎక్సెల్ ఇన్‌స్టాల్ చెయ్యగానే ఈ ట్యాబ్ కనపడదు, దాచి పెడతారు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్ళండి, కుడివైపు లిస్ట్‌లో డెవలపర్ అని ఉంటుంది, పక్కన డబ్బాలో టిక్ పెట్టి ఓకే కొట్టండి. పైన కొత్త ట్యాబ్ వస్తుంది. ఇది ఒక్కసారి చేస్తే చాలు. మ్యాక్‌లో అయితే ఎక్సెల్ ప్రిఫరెన్సెస్‌లో రిబ్బన్ అండ్ టూల్‌బార్ అనే చోట ఉంటుంది.

ఇంకోటి, ఇప్పుడే ఫైల్‌ని సేవ్ యాజ్ కొట్టి టైప్ దగ్గర ఎక్సెల్ మాక్రో ఎనేబుల్డ్ వర్క్‌బుక్ ఎంచుకోండి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ అన్నమాట. 2007 వెర్షన్ నుంచి మాక్రోలున్న ఫైళ్ళు వేరు, లేనివి వేరు అయిపోయాయి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో సేవ్ చేస్తే మాక్రోలు ఊడిపోతాయి, బటన్ మాత్రం అలాగే అందంగా కనపడుతూ ఉంటుంది. మాక్రోలు పోతాయి, పర్లేదా అని సేవ్ చేసేటప్పుడు ఒక పొడుగాటి మెసేజ్ వస్తుంది, దాన్ని చదవకుండా యెస్ కొట్టడం మనందరికీ అలవాటే, అక్కడ మాత్రం నో కొట్టండి.

రికార్డింగ్ మొదలెట్టే ముందు

ముందుగా ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి, ఆట అంతా ఆ కాపీ మీదే ఆడండి. ఎందుకంటే మాక్రో చేసిన పనికి కంట్రోల్ జెడ్ పనిచెయ్యదు, మాక్రో షీట్‌ని మార్చిందంటే అంతకు ముందు మీరు చేతితో చేసిన వాటి అన్‌డూ కూడా పోతుంది.

డెవలపర్ ట్యాబ్‌లో రికార్డ్ మాక్రో నొక్కితే చిన్న విండో వస్తుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మొదటిది అక్షరమే అయి ఉండాలి, మధ్యలో స్పేస్ పనికిరాదు, కావాలంటే అండర్‌స్కోర్ వాడుకోండి. ఏబీసీ1 లాంటివి పెట్టకండి, అది సెల్ అడ్రస్‌లాగా ఉంటుంది కాబట్టి ఎక్సెల్ ఒప్పుకోదు. షార్ట్‌కట్ కీ డబ్బాలో ఉత్త సీ అని కొట్టారనుకోండి, ఆ ఫైల్ తెరిచి ఉన్నంతసేపూ కంట్రోల్ సీ కొడితే కాపీ అవ్వదు, మీ మాక్రో పరుగెడుతుంది. షిఫ్ట్ పట్టుకుని పెద్దక్షరం కొట్టండి, లేదా నాలాగా ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ చేసే మాక్రోకి కీబోర్డ్ షార్ట్‌కట్ పెట్టడమంటే కత్తి ఒర లేకుండా జేబులో పెట్టుకు తిరగడమే.

దాని కింద స్టోర్ మాక్రో ఇన్ అని ఉంటుంది, దిస్ వర్క్‌బుక్ ఉండాలి. పర్సనల్ మాక్రో వర్క్‌బుక్ ఎంచుకుంటే మాక్రో మీ కంప్యూటర్‌లో ఒక దాచిన ఫైల్లో కూర్చుంటుంది, మీకు ఏ ఫైల్ తెరిచినా పనిచేస్తుంది, భలే ఉందే అనుకుంటారు, అంకుల్ కంప్యూటర్‌లో మాత్రం బటన్ నొక్కితే అలాంటి మాక్రో లేదు అంటుంది.

యూజ్ రిలేటివ్ రెఫరెన్సెస్ అనే బటన్ కూడా అక్కడే ఉంటుంది, మన పనికి అది ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే ఎక్సెల్ "హెచ్5" అని గుర్తుపెట్టుకోదు, "కర్సర్ ఉన్న చోటు నుంచి ఏడు గడులు కుడికి" అని గుర్తుపెట్టుకుంటుంది, రేపు కర్సర్ ఇంకెక్కడో ఉంటే ఖాళీ అయ్యేది కూడా ఇంకెక్కడో.

మొదటి మాక్రో: బాకీ ఉన్నవాళ్ళని చూపించడం

దేనికీ హాని చెయ్యనిదానితో మొదలెడదాం. రికార్డ్ ఆన్ చేసి హెచ్ హెడ్డింగ్ పక్కన బాణం నొక్కి, నంబర్ ఫిల్టర్స్‌లో గ్రేటర్ దాన్ తీసుకుని సున్నా కొట్టండి, ఓకే. స్టాప్ రికార్డింగ్. అంతే. కింద ఎడమ మూల స్టేటస్ బార్‌లో ఉండే చిన్న చదరం కూడా స్టాపే. ఆపడం మర్చిపోతే తర్వాత మీరు చేసే ప్రతి పనీ మాక్రోలోకి ఎక్కిపోతుంది, నా మొదటి మాక్రోలో ఎవరికో ఫోన్ నంబర్ వెతికి ఇచ్చింది కూడా రికార్డ్ అయింది.

రెండో మాక్రో అందరినీ మళ్ళీ చూపించేది, ఇక్కడ ఒక చిన్న గొయ్యి ఉంది. డేటా ట్యాబ్‌లో క్లియర్ నొక్కి రికార్డ్ చేస్తే, ఫిల్టర్ ఏమీ లేనప్పుడు ఆ బటన్ నొక్కితే 1004 అని ఎర్రర్ విండో వస్తుంది, చూసినవాళ్ళు కంప్యూటర్ పాడైంది అనుకుంటారు. అందుకని క్లియర్ జోలికి పోకుండా హెచ్ బాణం నొక్కి క్లియర్ ఫిల్టర్ ఫ్రమ్ అన్నది తీసుకోండి. అది నొక్కగలిగేలా ఉండాలంటే ఫిల్టర్ అప్పటికే పెట్టి ఉండాలి, కాబట్టి ముందు మొదటి మాక్రో ఒకసారి నడిపి, అప్పుడు రికార్డ్ మొదలెట్టండి. ఇలా రికార్డ్ చేసింది ఫిల్టర్ ఉన్నా లేకపోయినా చప్పుడు చెయ్యకుండా పనిచేస్తుంది.

నడుస్తుందో లేదో చూడ్డానికి ఆల్ట్ ఎఫ్8. మాక్రోల లిస్ట్ వస్తుంది, పేరు మీద పెట్టి రన్ కొట్టండి. ఇక్కడ సరిగ్గా నడవనిది బటన్‌కి తగిలించినా నడవదు, కాబట్టి బటన్ గీసే ముందే ఇక్కడ రెండు మూడు సార్లు తిప్పి చూడండి.

ఇప్పుడు బటన్

డెవలపర్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ నొక్కితే రెండు గుంపులు కనపడతాయి, పైన ఫార్మ్ కంట్రోల్స్, కింద యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్. రెండింట్లోనూ బటన్ బొమ్మ ఒకేలా ఉంటుంది, మనిషిని తికమక పెట్టడానికే పెట్టినట్టు. మనకి పైనది, ఫార్మ్ కంట్రోల్స్‌లో మొట్టమొదటిది. కిందదానికి డిజైన్ మోడ్, ప్రాపర్టీస్, కోడ్ విండో అంటూ పెద్ద కథ ఉంటుంది, మ్యాక్‌లో అసలు పనిచెయ్యదు, మనకి ఆ తలనొప్పి వద్దు.

బొమ్మ నొక్కగానే కర్సర్ సన్నటి ప్లస్ గుర్తులా మారుతుంది, షీట్ మీద ఎడమ పై నుంచి కుడి కిందకి లాగి వదలండి. ఆల్ట్ పట్టుకుని లాగితే గడుల గీతలకి సరిగ్గా అతుక్కుంటుంది, నాలుగు బటన్లు వరసగా పెట్టాలంటే ఇదే దారి. వదలగానే దానంతటదే అసైన్ మాక్రో విండో తెరుచుకుంటుంది, లిస్ట్‌లో మీ మాక్రో పేరు నొక్కి ఓకే. కింద మాక్రోస్ ఇన్ అని ఉన్నచోట దిస్ వర్క్‌బుక్ పెట్టుకుంటే తెరిచి ఉన్న వేరే ఫైళ్ళ మాక్రోలు లిస్ట్‌లో కలవవు.

ఇప్పుడు బటన్ చుట్టూ చిన్న గుండ్రాలు కనపడుతుంటాయి, అవి ఉండగానే దాని మీది రాత చెరిపేసి మీ మాట టైప్ చెయ్యండి, "బాకీలు చూపించు" అని తెలుగులోనే రాసుకోవచ్చు. బయట ఎక్కడైనా క్లిక్ చేస్తే గుండ్రాలు పోతాయి, ఇక అది బతికిన బటన్, ఎడమ క్లిక్ కొడితే పని మొదలెడుతుంది. మళ్ళీ జరపాలన్నా, పేరు మార్చాలన్నా, వేరే మాక్రో తగిలించాలన్నా రైట్ క్లిక్ చెయ్యాలి. అందులోనే అసైన్ మాక్రో, ఎడిట్ టెక్స్ట్, ఫార్మాట్ కంట్రోల్ ఉంటాయి.

బటన్‌ని ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. డేటా పక్కన పెట్టారనుకోండి, ఫిల్టర్ పెట్టగానే రోలు దాక్కుంటాయి, వాటితో పాటు బటన్ కూడా ఎక్కడికో జరిగిపోతుంది, లేదా నలిగి గీతలా అయిపోతుంది. నేను పై మూడు రోలు ఎత్తు పెంచి బటన్లు అక్కడ పెట్టి, ఐదో రో మీద కర్సర్ ఉంచి వ్యూ ట్యాబ్‌లో ఫ్రీజ్ పేన్స్ కొట్టా. ఎంత కిందకి స్క్రోల్ చేసినా బటన్లు కళ్ళ ముందే. దాంతో పాటు రైట్ క్లిక్, ఫార్మాట్ కంట్రోల్, ప్రాపర్టీస్‌లో డోంట్ మూవ్ ఆర్ సైజ్ విత్ సెల్స్ పెట్టండి. అక్కడే ప్రింట్ ఆబ్జెక్ట్ టిక్ ఉంటే తీసెయ్యండి, లేకపోతే లిఫ్ట్ దగ్గర నోటీస్ బోర్డులో అంటించిన కాగితం మీద బటన్లు కూడా ప్రింట్ అయి ఉంటాయి, పిల్లలు వాటిని నొక్కి చూస్తారు.

ఫార్మ్ బటన్‌కి రంగు మార్చలేం, ఎప్పుడూ అదే బూడిద రంగు. రంగు కావాలంటే ఇన్సర్ట్ ట్యాబ్‌లో షేప్స్ నుంచి గుండ్రటి మూలల డబ్బా ఒకటి గీసి, రాత రాసి, దాని మీద రైట్ క్లిక్ చేసి అసైన్ మాక్రో కొట్టండి, అదీ బటనే. ఫొటోకైనా అసైన్ చెయ్యొచ్చు. తేడా ఏంటంటే నొక్కినప్పుడు షేప్ లోపలికి వెళ్ళినట్టు కనపడదు, దాంతో కొంతమంది నొక్కిందా లేదా అని మళ్ళీ నొక్కుతారు. ఆ రెండోసారి నొక్కడం ఎంత పని చేస్తుందో ఇప్పుడు చూడండి.

అంకుల్ నొక్కిన రోజు

మొదట్లో నేను "కొత్త నెల" బటన్ కూడా మెయిన్ షీట్ పైనే పెట్టా. పాత నెల రికార్డ్ ఉండాలి కాబట్టి, "బటన్ నొక్కే ముందు కంట్రోల్ పట్టుకుని కింద షీట్ ట్యాబ్‌ని పక్కకి లాగండి, కాపీ అవుతుంది" అని అంకుల్‌కి నేర్పించా, ఆయన పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నారు కూడా. నవంబర్ ఒకటిన నేను ఊళ్ళో లేను. మధ్యాహ్నం ఫోన్.

"తమ్మీ, అక్టోబర్ కనపడ్తలేదు."

"కాపీ తీశారా అంకుల్?"

"తీసిన. తీసినంక బటన్ నొక్కిన, ఖాళీ అయింది. మంచిగనే ఉంది అనుకున్న. మళ్ల మెయిన్ల చూస్తే పాతదే ఉన్నది, అందుకే ఆడ కూడా నొక్కిన."

నాకు అర్థమవ్వడానికి అర నిమిషం పట్టింది. షీట్‌ని కాపీ చేస్తే దాని మీద ఉన్న బటన్ కూడా కాపీ అవుతుంది, కాపీ అవ్వగానే మన కళ్ళ ముందు ఉండేది కొత్త కాపీయే, మెయిన్ కాదు. నేను రికార్డ్ చేసిన మాక్రోలో షీట్ పేరే లేదు, ఏ షీట్ ముందుంటే దాన్నే ఖాళీ చేస్తుంది. ఆయన ముందు దాచుకోవాల్సిన కాపీని ఖాళీ చేసి, తర్వాత అసలుది ఖాళీ చేసి, పద్ధతిగా సేవ్ కూడా చేశారు. ఎవరెవరు ఎప్పుడు కట్టారన్నది మొత్తం గల్లంతు. 28న వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన షీట్ ఫొటో, అసోసియేషన్ బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందేసుకుని రాత్రి పన్నెండు దాకా కూర్చుని మళ్ళీ ఎక్కించాం. తప్పు ఆయనది కాదు, చెప్పింది చెప్పినట్టే చేశారు.

"కొత్త నెల" మాక్రో సరిగ్గా

ఆ తర్వాత ఖాళీ చేసే బటన్‌ని మెయిన్ షీట్ నుంచి తీసేశా. ఫైల్లో మొట్టమొదట "బటన్లు" అని వేరే షీట్ పెట్టి అది అక్కడ ఉంచా. ఇక మెయిన్‌ని ఎన్నిసార్లు కాపీ చేసినా ఆ బటన్ వెంట రాదు. ఫిల్టర్ బటన్లు మాత్రం మెయిన్ మీదే ఉన్నాయి, అవి కాపీ అయినా నష్టం లేదు.

రికార్డింగ్ కూడా ఆ బటన్ల షీట్ మీద నిలబడే మొదలెట్టాలి. వరస ఇది: మెయిన్ ట్యాబ్ మీద క్లిక్, కంట్రోల్ పట్టుకుని ఆ ట్యాబ్‌ని దాని పక్కకే లాగితే కాపీ, మళ్ళీ మెయిన్ ట్యాబ్ మీద క్లిక్, హెచ్ బాణంలో క్లియర్ ఫిల్టర్ ఫ్రమ్, హెచ్5 నుంచి హెచ్44 సెలెక్ట్ చేసి కంట్రోల్ సీ, డీ5 మీద క్లిక్ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్, ఎస్కేప్, ఈ5 నుంచి జీ44 సెలెక్ట్ చేసి డిలీట్, చివర్లో ఈ5 మీద క్లిక్, స్టాప్. మెయిన్ ట్యాబ్ మీద క్లిక్ చెయ్యడమే ఇందులో ప్రాణం, అది రికార్డ్ అయితే ఎక్కణ్ణుంచి నొక్కినా మాక్రో ముందు మెయిన్‌కి వెళ్ళి అక్కడే పని చేస్తుంది. కాపీ తీయడం కూడా మాక్రోనే చేస్తుంది కాబట్టి అంకుల్ అట్ట మీద రాసుకున్నదాంతో ఇక పని లేదు. ఫిల్టర్ తీయడం ఎందుకంటే, అది ఉండగా హెచ్ కాపీ చేస్తే కనపడే రోలు మాత్రమే కాపీ అయి, డీలో ఒకరి బాకీ ఇంకొకరి మీద పడుతుంది. రికార్డ్ మొదలెట్టే ముందు మెయిన్‌లో ఫిల్టర్ పెట్టి ఉంచడం మర్చిపోకండి, ఇందాక చెప్పిన కారణమే.

షీట్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎందుకన్నది ఇక్కడ తెలుస్తుంది. మాక్రోలు రాసుకునే ఎడిటర్‌కి తెలుగు అక్షరాలు రావు. షీట్‌కి "ఈ నెల" అని తెలుగులో పేరు పెడితే రికార్డర్ దాన్ని ప్రశ్న గుర్తులుగా రాసుకుంటుంది, నడిపినప్పుడు ఆ పేరున్న షీట్ దొరక్క 9వ నంబర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మాక్రోలు రాసే భాష విజువల్ బేసిక్, అది ఎక్సెల్‌లోకి 1993లో వచ్చింది, ఆ పాత వాసనలు ఇంకా పోలేదు. బటన్ మీద, సెల్‌లో, మాక్రో ముట్టుకోని షీట్ పేరులో తెలుగు బేఫికర్‌గా రాసుకోండి. మాక్రో లోపలికి వెళ్ళేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలే.

ఇక రెండుసార్లు నొక్కే సమస్య. మొదటిసారి నొక్కితే బాకీ డీలోకి వచ్చింది, ఈ నెల 2500 కలిసి హెచ్ లెక్క కట్టింది. మళ్ళీ నొక్కితే ఆ హెచ్ మొత్తం పాత బాకీ అయిపోయి దాని మీద ఇంకో 2500. 40 ఫ్లాట్లకి లక్ష రూపాయలు గాల్లోంచి పుడుతుంది. దీనికి మాత్రం ఒక్క లైన్ టైప్ చెయ్యాలి, భయపడకండి. ఆల్ట్ ఎఫ్8 కొట్టి ఆ మాక్రో మీద పెట్టి ఎడిట్ నొక్కండి. పైన సబ్ అని మాక్రో పేరుతో మొదలయ్యే లైన్ ఉంటుంది, దాని కింద ఎంటర్ కొట్టి ఈ లైన్ ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చెయ్యండి:

If MsgBox("Kotta nela?", vbYesNo) <> vbYes Then Exit Sub

MsgBox, vbYesNo, vbYes ఒక్కోటీ మధ్యలో స్పేస్ లేని ఒకే పదం. కోట్స్‌లో మాట కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, తెలుగులో రాస్తే పైన చెప్పిన ప్రశ్న గుర్తులే వస్తాయి. ఇప్పుడు బటన్ నొక్కగానే యెస్, నో అడుగుతుంది, నో అంటే దేన్నీ ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. ఎడిటర్ మూసేసి సేవ్ చేసుకోండి, తర్వాత "బటన్లు" షీట్‌లో బటన్ గీసి ఈ మాక్రో అసైన్ చెయ్యండి, ఇందాకటి పద్ధతే.

పాత నెలల షీట్లకి రివ్యూ ట్యాబ్‌లో ప్రొటెక్ట్ షీట్ కూడా పెట్టేశా. ఎవరైనా ఏదైనా పిచ్చి మాక్రో అక్కడ నడిపితే ఎర్రర్ వస్తుంది తప్ప డేటా పోదు. దానివల్ల పాత షీట్లలో ఫిల్టర్ బటన్లు కూడా ఎర్రర్ ఇస్తాయి, ఇస్తే ఇవ్వనీ.

నొక్కితే పలక్కపోతే

ఎక్కువగా వచ్చే మెసేజ్ కెనాట్ రన్ ద మాక్రో. మొదటి అనుమానం, మాక్రోలు ఆఫ్‌లో ఉన్నాయి. ఫైల్ తెరవగానే పైన పసుపు పట్టీ వస్తే ఎనేబుల్ కంటెంట్ నొక్కండి. ఎర్ర పట్టీ వస్తే అది వేరే సంగతి, నెట్ నుంచో మెయిల్ నుంచో దించిన ఫైళ్ళలో మాక్రోలని మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మొదట్లోనే ఆపేస్తోంది. ఫైల్ మూసేసి, ఫోల్డర్‌లో దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్ పెట్టి ఓకే, మళ్ళీ తెరవండి. ఇది మీరు చేసిన ఫైల్‌కో, ఎవరు చేశారో తెలిసిన ఫైల్‌కో మాత్రమే. ఎవరో గ్రూప్‌లో ఫార్వర్డ్ చేసిన షీట్‌ని అన్‌బ్లాక్ చేశారంటే ఇంటి తాళాలు దారిన పోయేవాడికి ఇచ్చినట్టే.

రెండో అనుమానం, మాక్రో పేరు మార్చారు. బటన్ పాత పేరే పట్టుకుని కూర్చుంటుంది, రైట్ క్లిక్ చేసి మళ్ళీ అసైన్ చెయ్యాలి.

మూడోది కనిపెట్టడం కష్టం. బటన్ ఉన్న షీట్‌ని వేరే ఫైల్లోకి కాపీ చేస్తే బటన్ ఇంకా పాత ఫైల్ మాక్రోకే కట్టేసి ఉంటుంది. మీ కంప్యూటర్‌లో నొక్కితే పాత ఫైల్‌ని కూడా తెరిచి మరీ నడుపుతుంది కాబట్టి అంతా బావున్నట్టే ఉంటుంది, వేరేవాళ్ళకి పంపినప్పుడు బయటపడుతుంది. అసైన్ మాక్రో విండోలో పేరు ముందు ఫైల్ పేరు, ఆశ్చర్యార్థకం గుర్తు కనపడితే ఇదే రోగం. మాక్రో ఉన్న మాడ్యూల్‌ని, అంటే దాని కోడ్ ఉండే పేజీని, కూడా ఎడిటర్‌లో కొత్త ఫైల్ మీదకి లాగి, బటన్‌కి దిస్ వర్క్‌బుక్ నుంచి మళ్ళీ ఎంచుకోండి.

ఫోన్‌లో తెరిచి నొక్కుతున్నారా, పనిచెయ్యదు, మొబైల్ ఎక్సెల్‌లో గానీ బ్రౌజర్ ఎక్సెల్‌లో గానీ ఈ మాక్రోలు నడవవు. మా మూడో ఫ్లోర్ ఆంటీ రెండు రోజులు నొక్కి నొక్కి "మీ బటన్ కరెంట్ పోయింది" అన్నారు.

గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ళకి

గూగుల్ షీట్స్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో మాక్రోస్, అందులో రికార్డ్ మాక్రో. తర్వాత ఇన్సర్ట్ మెనూలో డ్రాయింగ్ తీసుకుని డబ్బా గీసి సేవ్ చెయ్యండి, షీట్ మీదకి వచ్చాక దాని మూలన మూడు చుక్కలు నొక్కి అసైన్ స్క్రిప్ట్‌లో ఫంక్షన్ పేరు, అంటే ఆ మాక్రో కోడ్‌కి ఉన్న పేరు, టైప్ చెయ్యండి, బ్రాకెట్లు లేకుండా. లిస్ట్ రాదు, పేరు మనమే తప్పు లేకుండా కొట్టాలి. మొదటిసారి నొక్కినప్పుడు పర్మిషన్ అడుగుతుంది, ఇచ్చాక ఇంకోసారి నొక్కాలి. ఫోన్ యాప్‌లో ఈ బొమ్మ బటన్లు కూడా పనిచెయ్యవు.

లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో వ్యూ, టూల్‌బార్స్, ఫార్మ్ కంట్రోల్స్. డిజైన్ మోడ్ ఆన్ చేసి పుష్ బటన్ గీసి, రైట్ క్లిక్‌లో కంట్రోల్ ప్రాపర్టీస్, ఈవెంట్స్ ట్యాబ్‌లో ఎగ్జిక్యూట్ యాక్షన్ పక్కన మూడు చుక్కలు నొక్కి మాక్రో ఎంచుకోండి. డిజైన్ మోడ్ ఆఫ్ చేస్తేనే బటన్ నొక్కుడు పడుతుంది, సగం మంది ఇక్కడే ఆగిపోతారు. రికార్డింగ్ ఆప్షన్ కనపడకపోతే టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఆన్ చేసుకోవాలి.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ బోర్డులు చూసి ఇదేదో పెద్ద చదువు అనుకునేవాణ్ణి, అంకుల్‌కి అయితే ఒక్క బటన్ సరిపోయింది. ఇప్పుడు ఒకటో తారీఖు పొద్దున బెల్ మోగట్లేదు, ఫోన్ మోగుతోంది. "తమ్మీ, యెస్సా నోనా అని అడుగుతున్నది, ఏమనాలె?"

"ఈ నెలకి ఇదే మొదటిసారా అంకుల్?"

"మొదటిసారే."

"అయితే యెస్ అనండి."